కుండీలోని కుమారి – కలబందను పెంచే విధం, వాడే విధం

కలబంద తెలియని తెలుగువారుండరు. దృష్టిదోషం తగలకుండా గుమ్మానికి వేళ్ళతో సహా తలకిందులుగా వేలాడదీసేది దీనినే. వంటింట్లో నూనె చింది చేయి కాలినప్పుడు పరుగున పోయి తుంచి తెచ్చేదీ దీనినే. నేను వైద్యవృత్తిలో ఉన్న నాచారం, ఉప్పల్ ప్రాంతాలలో ఇల్లు మారేవారు సామానుతోపాటు తులసికోటను, కలబంద కుండీని వెంట తీసుకుపోవడం తరచుగా చూస్తుంటాను. ఇంతగా అలవాటైన మొక్కను గురించి కొత్తగా చెప్పవలసిందేముందని పాఠకులు అనుకోవచ్చు.

అయితే కొన్నేళ్ళుగా ఈ మొక్కను గురించి నా వద్దకు రెండు రకాలవారు వస్తున్నారు. "రోజూ నీళ్ళు పోస్తున్నా కలబంద కుళ్ళిపోతున్నదండీ" అనేవారు మొదటి రకం. "కలబంద రసం తాగడం మొదలుపెట్టినప్పటి నుండి కడుపులో మెలిపెడుతున్నది, విరేచనాలు ఆగడం లేదు" అనేవారు రెండవ రకం. పైకి చూస్తే ఒకటి తోటపనికి, మరొకటి వైద్యానికి సంబంధించినవి. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే. ఆ ఆకు నిర్మాణం ఎటువంటిదో, అందులో ఏ పొరలో ఏమున్నదో తెలియకపోవడమే. ఆకును అడ్డంగా కోసి నిదానంగా పరిశీలించినవారికి కుండీలో నీరెంత పోయాలో, గ్లాసులో రసమెంత పోయాలో రెండూ తెలుస్తాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

పేర్లు, గుర్తింపు

ఎన్నేళ్ళు గడిచినా నడిమి నుండి లేత ఆకులు పుట్టుకొస్తూ పడుచుదనం పోని మొక్క కనుక సంస్కృతంలో దీనికి 'కుమారి' అని పేరు. లోపలి గుజ్జు నేతివలె జారుతుంది కనుక 'ఘృతకుమారి' అనీ అంటారు. వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'అలో వెరా'. దీని పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పం. అక్కడి రాతి గుట్టల మీద, వాన అరుదైన నేలలో పెరిగిన మొక్క ఇది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే పెంపకంలో సగం తెలిసినట్లే.

16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన నిఘంటువులో కుమారిని గుడూచ్యాది వర్గంలో చేర్చి, శీతవీర్యమనీ, తిక్త రసం కలదనీ, మలాన్ని భేదించి వెడలించే గుణం ఉన్నదనీ చెప్పాడు. గుల్మం, ప్లీహ, యకృత్తుల వ్యాధులు, చర్మరోగాలు, అగ్నిదగ్ధం, అంటే కాలిన గాయం, వీటన్నింటిలో ఇది పనికివస్తుందన్నాడు. చల్లదనం కలిగించే గుణమూ, మలాన్ని కదలించే గుణమూ ఒకే ఆకులో ఉన్నాయని ఆయన చెప్పిన మాటను పాఠకులు గమనించగోరుతాను. ఆ రెండు గుణాలూ ఆకులో ఒకే చోట లేవు. వివరం ముందు ముందు వస్తుంది.

మొక్కను సరిగా గుర్తించడం అన్నింటికంటె ముఖ్యం. కాండం దాదాపు కనిపించదు. దళసరి ఆకులు మొదలు నుండి గులాబీ పువ్వు రేకుల వలె చుట్టూ విచ్చుకుంటాయి. అంచులలో చిన్న మెత్తని ముళ్ళుంటాయి. లేత పిలకల ఆకుల మీద తెల్లని చుక్కలు ఉండి, ముదిరేకొద్దీ చాలావరకు మాసిపోతాయి. పొడవాటి కాడ మీద పసుపురంగు పూలు వేలాడుతూ పూస్తాయి. కుండీలో పెరిగే మొక్క పూయడం అరుదు, పూయనంత మాత్రాన దిగులు పడనక్కరలేదు.

చేను గట్లకు, రైలు కట్టల పక్కన కంచెగా పెరిగే కిత్తనారను కొందరు 'రాకాసి కలబంద' అంటారు. పేరు కలిసినా అది వేరే జాతి. దాని ఆకు గట్టిగా నారతో నిండి ఉండి, చేత్తో విరిస్తే విరగదు. కొనన నల్లని సూది వంటి ముల్లుంటుంది. దాని రసం చర్మానికి తగిలితే దురద, మంట పుడతాయి. నోట్లో పడితే నోరు, గొంతు వాస్తాయి. 2017లో చైనాలో ఒక యువతి కలబంద అనుకొని ఈ జాతి ఆకును నమిలి ఆసుపత్రి పాలైన సంగతి పత్రికలలో వచ్చింది. అట్లే నర్సరీలలో కలబందను పోలిన అందమైన చిన్న మొక్కలు చాలా రకాలు అమ్ముతున్నారు. వాటిని కిటికీలో ముచ్చటగా పెంచుకోవచ్చు గాని మందుగా వాడరాదు. బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనా సంస్థ వారి కేంద్రం ఉన్నది. ఈ పరిసరాలవారికి అది చేరువే. ఔషధంగా వాడదలచిన మొక్కను తెలిసినవారి వద్ద నుండే తెచ్చుకోవడం మేలు.

గుమ్మం మీది మొక్క చెప్పే పాఠం

గుమ్మానికి వేలాడదీసిన కలబంద మట్టి లేకుండా, నీరు లేకుండా నెలల తరబడి బ్రతుకుతుంది. తలకిందులుగా కట్టినా దాని మొవ్వు క్రమంగా పైకి వంగుతుంది. ఒక్కొక్కప్పుడు పువ్వు కూడా పూస్తుంది. దిష్టి మాట ఎట్లున్నా, ఆ మొక్క వృక్షశాస్త్రంలో ఒక చక్కని పాఠం.

సాధారణంగా మొక్కలు పగటివేళ ఆకులలోని సూక్ష్మరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. ఆ రంధ్రాల గుండానే నీరు ఆవిరై పోతుంది. కలబంద అట్లు చేయదు. పగలు రంధ్రాలను మూసుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తుంది. రాత్రి పీల్చిన వాయువును ఒక ఆమ్లంగా మార్చి దాచుకొని, తెల్లవారిన తర్వాత ఎండ సాయంతో దానిని ఆహారంగా మార్చుకుంటుంది. అందువల్లనే తెల్లవారుజామున కోసిన ఆకులో పులుపు ఎక్కువ, సాయంకాలం కోసిన దానిలో తక్కువ. ఈ పొదుపు వల్ల ఆకులోని నీరు ఆకులోనే నిలుస్తుంది. గుజ్జులో నూటికి 98 పాళ్ళకు పైగా నీరే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కలబంద రాత్రివేళ ప్రాణవాయువును విడుస్తుందనీ, పడకగదిలో పెట్టుకుంటే ఆరోగ్యమనీ బహుళ ప్రచారంలో ఉన్నది. రాత్రి అది పీల్చేది బొగ్గుపులుసు వాయువునన్నది నిజమే. కాని ప్రాణవాయువు తయారయ్యేది వెలుగులోనే. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ 'నాసా' మూసిన చిన్న పెట్టెలలో మొక్కలనుంచి చేసిన పరీక్షలను చూపి, ఈ మొక్క ఇంటి గాలిని శుభ్రపరుస్తుందని నర్సరీలవారు చెబుతుంటారు. గాలి వచ్చిపోయే గదిలో ఆ ప్రభావం లెక్కలోనికి రాదని 2019లో శాస్త్రజ్ఞులు ఆ పరీక్షలన్నింటినీ తిరిగి లెక్కగట్టి తేల్చారు. పడకగదిలో పెడితే హాని ఏమీ లేదు. అయితే మొక్కకు ఎండ చాలక పాలిపోయి సాగుతుంది.

కుండీ, మట్టి

కలబంద వేళ్ళు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. కనుక లోతైన కుండీ కంటె వెడల్పైన కుండీ మేలు. జానెడు లోతు, మూరెడు వెడల్పు గల మట్టి కుండీ ఉత్తమం. మట్టి కుండీ గోడల గుండా తేమ ఆరిపోతుంది. రంగుల ప్లాస్టిక్ కుండీలలో, ముఖ్యంగా అడుగున పళ్ళెం బిగించిన వాటిలో, నీరు నిలిచి వేళ్ళు మురుగుతాయి. ఆ పళ్ళెం తీసివేయండి. అడుగున కనీసం మూడు రంధ్రాలుండాలి. రంధ్రాల మీద కుండపెంకులు బోర్లించాలి.

మట్టి విషయంలో మన ప్రాంతానికి ఒక సౌలభ్యం ఉన్నది. హైదరాబాదు తూర్పు భాగమంతా నల్లరాతి మీద నిలిచిన నేల. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ నుండి ఉప్పల్ దాకా, అటు నాచారం దాకా ఎక్కడ పునాది తవ్వినా కొంత లోతున మొరం బయటపడుతుంది. రాయి పొడిబారి ఏర్పడిన ఈ గరుకు మొరం నీటిని నిలువనీయదు. దాదాపు కలబంద పుట్టింటి నేల వంటిదే. జల్లించిన మొరం రెండు పాళ్ళు, ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపితే చాలు. చెరువు కింది నల్లమట్టి వాడవద్దు. అది తడిస్తే ముద్దగా, ఎండితే పెచ్చుగా మారుతుంది. ఇల్లు కట్టేచోట నుండి మొరం తెచ్చేవారు అందులో సున్నం, సిమెంటు కలియకుండా చూసుకోవాలి.

మరొక హెచ్చరిక. మందుకు వాడే మొక్కను మూసీ ఒడ్డున గాని, మురుగు కాల్వల పక్కన గాని, ఫ్యాక్టరీ నీరు పారే చోట గాని పెరిగిన దాని నుండి తీసుకోరాదు. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మూసీ నీటితో గడ్డి పెంచడం చాలాకాలం నుండి ఉన్నది. ఆ తడిలో, ఆ మట్టిలో పెరిగే ఏ మొక్క అయినా నేలలోని సీసం వంటి లోహాలను పీల్చుకోగలదు. పశువులకే పెట్టడానికి సందేహించవలసిన దానిని మనం మందుగా తినడం వివేకం కాదు. అట్లే గుమ్మానికి వేలాడి రోడ్డు దుమ్ము, పొగ పట్టిన ఆకును కూడా వైద్యానికి వాడవద్దు.

నీరు

ఎక్కువ మొక్కలు చచ్చేది ఇక్కడే. "పాపం, ఎండకు వాడిపోతుంది" అని రోజూ చెంబెడు నీరు పోస్తారు. తన ఆకులలో ముందే నీటిని నిలువజేసుకున్న మొక్కకు అది దయ కాదు, శిక్ష.

చీపురుపుల్లను మట్టిలో రెండంగుళాల లోతు గుచ్చి తీయండి. పుల్లకు తడి మట్టి అంటితే నీరు వద్దు. పొడిగా వస్తే అప్పుడు అడుగు రంధ్రాల నుండి కారేదాకా పోసి, మళ్ళీ ఎండేదాకా ముట్టుకోవద్దు. మన ప్రాంతపు వేసవిలో వారానికి ఒకసారి, చలికాలంలో రెండు మూడు వారాలకొకసారి సరిపోతుంది. వానాకాలంలో బయట ఉన్న కుండీకి అసలు పోయనక్కరలేదు. ఆకు పలుచబడి లోనికి ముడుచుకుంటే నీరు కావాలని అర్థం. ఆకు మెత్తబడి, పసుపు తిరిగి, మొదట్లో నీరు కారుతూ ఉంటే నీరెక్కువైందని అర్థం. ఈ రెంటినీ తారుమారుగా అర్థం చేసుకొని కుళ్ళుతున్న మొక్కకు ఇంకా నీరు పోసేవారున్నారు.

ఏ నీరు పోయాలన్నది కూడా అడుగుతుంటారు. నల్లా నీరు మంచిదే. మన అపార్ట్‌మెంట్లలోని బోరు నీరు చాలాచోట్ల కఠినజలం. దానినే పోస్తూ ఉంటే కుండీ అంచుల వెంట తెల్లని పెట్టు కడుతుంది. అప్పుడప్పుడు వాననీటితో కుండీని బాగా కడిగినట్లు తడిపితే ఆ లవణాలు దిగిపోతాయి. నీటి శుద్ధి యంత్రం నుండి వృథాగా పోయే నీటిని మొక్కలకు పోయడం ఇటీవల అలవాటైంది. పొదుపు మంచిదే, కాని ఆ నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. దానితో నేల తుడుచుకోవచ్చు, మొక్కకు మాత్రం వద్దు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానలో ఉప్పల్, నాచారం చెరువుల పరిసర కాలనీలలోనికి నీరు వచ్చింది. ఆ తర్వాతి వారాలలో ఎంతోమంది "అన్ని మొక్కలూ బ్రతికినవి, కలబంద మాత్రం పోయింది" అన్నారు. నీట మునిగిన కలబందను వెంటనే పెకలించి, వేళ్ళు కడిగి, నల్లబడిన వేళ్ళను కత్తిరించి, నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి పొడి మట్టిలో నాటితే చాలావరకు బ్రతికేవి. మట్టిలోనే ఉంచి ఎండలో పెట్టినవి పోయాయి. గుమ్మానికి నెలల తరబడి వేలాడే మొక్క నాలుగు రోజులు మట్టి లేకుండా ఉండలేదా?

ఎండ, పిలకలు, చీడలు

రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలాలి. తూర్పు బాల్కనీ అన్నింటికంటె అనువైనది. పడమటి బాల్కనీలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు ఆకులు ఎర్రబారి, కొనలు మాడుతాయి. ఆ రెండు నెలలు పలుచని నీడ కల్పిస్తే చాలు. నర్సరీలో నీడన పెరిగిన మొక్కను తెచ్చిన రోజే డాబా మీద ఎండలో పెట్టరాదు. పది పదిహేను రోజులలో క్రమంగా అలవాటు చేయాలి.

పిలకలే దీనికి విత్తనం. తల్లి మొక్క పక్కన పుట్టిన పిలక నాలుగంగుళాల ఎత్తు పెరిగి, దానికి సొంత వేళ్ళు వచ్చిన తర్వాత విడదీయాలి. తెగిన చోటు ఎండేదాకా రెండు మూడు రోజులు నీడలో ఉంచి నాటాలి. నాటిన తర్వాత వారం దాకా నీరు పోయవద్దు. జూన్, జూలై నెలలు ఇందుకు అనుకూలం, అయితే కుండీ వాన చూరు కింద ఉండకూడదు. ఆకును తుంచి గుచ్చితే మొలవదు, కుళ్ళుతుంది.

ఎరువు సంవత్సరానికి ఒకసారి, తొలకరిలో, రెండు గుప్పెళ్ళ వర్మీ కంపోస్టు వేస్తే సరి. రసాయనపు ఎరువులు వేసి ఆకును లావు చేయడం వ్యాపారానికి పనికిరావచ్చు, ఇంటి వైద్యానికి అక్కరలేదు. ఆకుల మొదళ్ళలో తెల్లని దూది వంటి పిండినల్లి చేరితే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి, గుడ్డతో అద్ది తుడవాలి. అట్లు తుడిచిన ఆకును రెండు వారాలపాటు నోటికి వాడవద్దు. నల్లని గుండ్రని మచ్చలు వస్తే ఆ ఆకును మొదలంటా కోసి పారవేయడమే చికిత్స.

ఆకు కోత – పచ్చని చేదు

మొక్కకు ఏడాది నిండిన తర్వాతనే కోత మొదలుపెట్టాలి. ఎప్పుడూ అన్నింటికంటె కిందిది, బయటిది అయిన ముదురు ఆకునే మొదలంటా కోయాలి. నడిమి మొవ్వు జోలికి పోవద్దు. ఒకసారికి ఒకటి రెండు ఆకులకు మించితే మొక్క కుంగుతుంది.

ఇప్పుడు ఆ ఆకును అడ్డంగా కోసి చూడండి. మూడు పొరలు కనిపిస్తాయి. పైన పచ్చని తోలు. దాని కిందనే సన్నని నాళాల వరుస, అందులో నుండి పసుపుపచ్చని, మిక్కిలి చేదైన రసం కారుతుంది. అంతకు లోపల నీటివలె తేటైన గుజ్జు. భావమిశ్రుడు చెప్పిన చల్లదనం ముఖ్యంగా ఈ గుజ్జుది. మలాన్ని భేదించే గుణం ఆ పసుపు రసానిది. ఆ రసాన్ని ఎండబెట్టి నల్లని గడ్డలుగా చేసినదే పచారీ దుకాణాలలో దొరికే ముసాంబరం. శాస్త్ర గ్రంథాలలో దాని పేరు కన్యాసారం. అందులో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని మార్చగా పుట్టే పదార్థం ప్రేగును రేపి, నీటిని లోనికి లాగి విరేచనం చేయిస్తుంది. మోతాదు మించితే మెలిపెట్టే నొప్పి, నీళ్ళ విరేచనాలు, రక్తంలో పొటాషియం తగ్గుదల కలుగుతాయి.

నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక తల్లి కిందటేడు నా వద్దకు వచ్చింది. "పొద్దుగాల పరగడుపున గ్లాసెడు తాగితే షుగరు దిగుతదని చెప్పిన్రు సారూ, ఇరవై దినాల సంది తాగుతున్న. నడుస్తుంటే కాళ్ళు గుంజుతున్నయ్, కండ్లు తిరుగుతున్నయ్" అన్నది. "ఎట్ల చేసుకుంటున్నవమ్మా?" అని అడిగితే, ఆకును ముళ్ళు తీసి, తోలుతో సహా మిక్సీలో వేసి వడపోస్తున్నానన్నది. మధుమేహానికి, రక్తపోటుకు మాత్రలు కూడా వేసుకుంటున్నది. మూత్రం జారీ చేసే రక్తపోటు మాత్ర వల్ల కొంత, విరేచనాల వల్ల మరికొంత పొటాషియం పోతున్నదని నాకు అనుమానం కలిగింది. మధుమేహపు మాత్రతోపాటు కలబంద కూడా చక్కెరను కొంత తగ్గించగలదు, అది వేరొక ప్రమాదం. ఆ రసం ఆపించి, అదే రోజు రక్తపరీక్షకు, మాత్రలు రాసిచ్చిన డాక్టరుగారి వద్దకు పంపాను. రక్తంలో పొటాషియం తగ్గి ఉన్నదని తేలింది. డాక్టరుగారు ఇచ్చిన చికిత్సతో వారం లోపల తేరుకున్నది. గుండె జబ్బుకు డిగాక్సిన్ మాత్ర వాడేవారైతే ఇది ప్రాణాపాయానికే దారితీయవచ్చు.

ఇది కేవలం నా అభిప్రాయం కాదు. విరేచనకారిగా అమ్మే కలబంద మందుల భద్రతకు తగిన ఆధారాలు లేవని 2002లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ వాటిని చీటీ లేకుండా అమ్మే మందుల నుండి తొలగించింది. పసుపు రసం తీయకుండా పూర్తి ఆకుతో చేసిన సారాన్ని రెండేళ్ళపాటు తాగించిన ఎలుకలలో పెద్దప్రేగు కంతులు కనిపించాయి. ఆ పరిశోధనను ఆధారం చేసుకొని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో వెలువరించిన 108వ సంపుటంలో పూర్తి ఆకు సారాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఇక్కడ 'పూర్తి ఆకు' అన్న మాట ముఖ్యం. కడిగిన గుజ్జును గురించి కాదు ఆ మాట. నడక మైదానాల గేట్ల వద్ద గ్లాసులలో పోసి అమ్మే రసంలో పసుపు పొర తీశారో లేదో అడగకుండా తాగవద్దు.

శుద్ధి చేసే విధం ఇది. కోసిన ఆకును, కోసిన మొన కిందికి వచ్చేట్లు ఒక గ్లాసులో నిలువుగా అరగంట ఉంచాలి. పసుపు రసం చాలావరకు కారిపోతుంది. తర్వాత కడిగి, అంచుల ముళ్ళు తీసి, రెండు వైపులా తోలును కొంచెం మందంగానే చెక్కివేయాలి. తోలుకు అంటిన గుజ్జు పోతుందని పిసినారితనం చూపవద్దు, చేదు ఉండేది అక్కడే. తేటగా మిగిలిన గుజ్జు ముక్కలను మూడు నాలుగు సార్లు నీటిలో కడగాలి. నాలుకకు తాకిస్తే చేదు ఉండకూడదు. చేదున్నంతవరకు కడగవలసిందే. అప్పటికప్పుడు వాడుకోవాలి. మిగిలినది ఫ్రిజ్‌లో ఒక్క రోజుకు మించి ఉంచవద్దు.

ఇట్లు శుద్ధి చేసిన గుజ్జు రెండు చెంచాలు గ్లాసెడు పలుచని మజ్జిగలో, చిటికెడు జీలకర్ర పొడితో ఆరోగ్యవంతులు వేసవిలో అప్పుడప్పుడు సేవించవచ్చు. రోజూ నెలల తరబడి వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్ళ లోపు పిల్లలు, మూత్రపిండాల జబ్బు గలవారు, ప్రేగులలో పుండ్లు, మొలల రక్తస్రావం గలవారు దీనిని నోటి ద్వారా అసలు తీసుకోరాదు. గర్భిణుల విషయంలో ఇది మరీ గట్టిగా చెబుతున్నాను. ముసాంబరం గర్భాశయాన్ని ప్రేరేపించే మందు. ఆగిన ముట్టు రావడానికి వాడే రజఃప్రవర్తనీ వటిలో అది చేరుతుంది. పాలు మాన్పించడానికి చనుమొనలకు ముసాంబరం రాసే ఆచారం పల్లెలలోనే కాక నగరంలోనూ ఉన్నది. బిడ్డ నోట్లో పడే ప్రతి రవ్వా విరేచనపు మందే కనుక ఆ ఆచారాన్ని మానుకోవాలి.

శార్ఙ్గధర సంహితలో చెప్పిన కుమార్యాసవం మాట వేరు. అది ఎన్నో ద్రవ్యాలు చేర్చి పులియబెట్టి తయారుచేసే ఔషధం. కాలేయం, జీర్ణశక్తి, స్త్రీల ముట్టు బాధలలో వైద్యులు ఇస్తారు. అందులో సహజంగా పుట్టిన మద్యాంశం, లోహభస్మం ఉంటాయి కనుక, సీసా మీద రాసిన మోతాదు చూసి ఎవరికి వారు తాగేది కాదు.

పైపూతగా

కలబంద నిస్సందేహంగా రాణించేది చర్మం మీద. కాలిన వెంటనే చేయవలసిన మొదటి పని మాత్రం కలబంద కాదు. కాలిన చోటును 20 నిమిషాలపాటు కారే చల్లని నల్లా నీటి కింద ఉంచాలి. మంచుగడ్డ, సిరా, టూత్‌పేస్టు వాడరాదు. వేడి దిగిన తర్వాత, చర్మం ఎర్రబడి చిన్న బొబ్బ మాత్రమే ఉంటే, శుద్ధి చేసిన గుజ్జును పలుచగా రోజుకు రెండు మూడుసార్లు పూయవచ్చు. 2007లో నాలుగు పరిశోధనలను కలిపి పరిశీలించగా, ఇటువంటి కాలిన గాయాలు కలబందతో సుమారు 9 రోజులు ముందుగా మానినట్లు తేలింది. అర చేతికి మించి కాలినా, ముఖం, మర్మాంగాలు కాలినా, చర్మం తెల్లబడి స్పర్శ పోయినా ఆసుపత్రికే పోవాలి. లోతైన గాయాలకు, తెరచుకున్న శస్త్రచికిత్స గాయాలకు పూయరాదు. అటువంటి గాయాలు కలబందతో మరింత ఆలస్యంగా మానినట్లు 1991లోనే ప్రకటించారు.

కొందరికి పసుపు రసం తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది. మొదటిసారి వాడేవారు మోచేతి మడత లోపల కొద్దిగా పూసి ఒక రోజు ఆగి చూడాలి. ఎండకు కమిలిన ముఖానికి గుజ్జును అట్లే పూసి పావుగంట తర్వాత చల్లని నీటితో కడగాలి. పగిలిన మడమలకు పావుచెంచా పసుపు కలిపి రాత్రి పట్టు వేసి, గుడ్డ చుట్టి పడుకోవాలి. పది రోజులలో గుణం కనిపిస్తుంది.

తల చర్మం పొడిబారి పొట్టు రాలేవారికి తైలం ఇట్లు చేసుకోవచ్చు. శుద్ధి చేసిన గుజ్జు ఒక గ్లాసు మెత్తగా మెదిపి, గానుగ కొబ్బరినూనె రెండు గ్లాసులలో కలిపి, మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద కాచాలి. మొదట బుడగలతో చిటపటలాడుతుంది. నీరంతా ఇగిరి చప్పుడు ఆగిన తర్వాత, అడుగున చేరిన మడ్డిని వేళ్ళతో నలిపితే వత్తివలె చుట్టుకోవాలి. అప్పుడు దించి, చల్లార్చి, గుడ్డలో వడపోసి, తడి లేని గాజుసీసాలో పోసుకోవాలి. నీరు కొంచెం మిగిలినా పది రోజులలో ముక్కవాసన వస్తుంది. సరిగా కాగిన తైలం రెండు మూడు నెలలు నిలుస్తుంది. వారానికి రెండుసార్లు తలకు మర్దించి, గంట తర్వాత కుంకుడు రసంతో స్నానం చేయాలి.